బద్ధకం అనే ముందు ఒక చీటీ రాయండి



బడులు తెరిచిన రెండు మూడు నెలలకు మన ఓ.పి.లో ఒక రకం పిల్లలు కనిపించడం మొదలవుతుంది. జ్వరం ఉండదు, దగ్గు ఉండదు. తల్లి చేతిలో పాత మందుల చీటీకి బదులు పిల్లవాడి నోటుబుక్కు ఉంటుంది. "రాస్తలేడు" అన్నదే కష్టం. నవీపేట్, రెంజల్, ఎడపల్లి, బోధన్, ఎటువైపు నుంచి వచ్చినా మాట అదే. బలానికి ఏదైనా రాయమంటారు. కొందరు ప్రార్థన చేయమంటారు. మేము రెండూ చేస్తూ వచ్చాము. అయితే ఆ రెండింటితో సరిపెట్టి పంపడం వల్ల కొందరు బిడ్డలకు అన్యాయం జరిగిందని మాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ సంగతే ఈసారి రాస్తున్నాము.

నవీపేట్ నుంచి ఒక తల్లి మూడో తరగతి చదివే కొడుకును తీసుకొని వచ్చింది. పేరు రాయడం లేదు. ఆమె బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం చేతులవైపు చూడకుండానే చేసే మనిషి. "నోట్లె అన్ని వస్తయ్ డాక్టరమ్మా, చేతిలనే వస్తలేవు" అన్నది. ఇంతకంటే స్పష్టంగా రోగచరిత్ర చెప్పినవారు మాకు ఎక్కువమంది లేరు. వేళ్ల పని అంటే ఏమిటో ఆమెకు మాకంటే బాగా తెలుసు. అయినా మేము ఆ మాట పట్టించుకోలేదు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మందు, నులిపురుగుల మాత్ర రాసి పంపాము. రెండోసారి కాల్షియం రాశాము. మూడోసారి వచ్చేసరికి వాడు నాలుగో తరగతికి వచ్చాడు, బడికి పోనని మొండికేస్తున్నాడు. బడిలో వాడికి పెట్టిన పేరు బద్ధకస్తుడు. సారు కొట్టిన దెబ్బ అరచేతి మీద కనబడుతూనే ఉంది. రాయలేని చేతికే ఆ దెబ్బ. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఆ మాట బడికి ఎంత వర్తిస్తుందో ఇంటికీ అంత వర్తించాలని మా మనవి.

ఆ రోజు మన ఫిజియోథెరపీ గదిలో వాడిని చొక్కా గుండీలు విప్పి మళ్లీ పెట్టుకోమన్నారు. పైగుండీ దగ్గరే ఆగిపోయాడు. వాడు బడికి వచ్చేది తల్లి పెట్టిన గుండీలతో. నీళ్ల సీసా మూత పళ్లతో తీశాడు. స్కేలు పెట్టి గీత గీయమంటే ఒక చేయి గీస్తుండగా రెండో చేయి స్కేలును వదిలేసింది. పదమూడో ఎక్కం మాత్రం నిలబడి గడగడా చెప్పాడు. ఇరవై నిమిషాలు పట్టిన ఈ పరీక్షకు యంత్రం ఏదీ అక్కరలేదు. ఏడాది ముందే చేసి ఉండవలసినది. తప్పు మాదే.

ఇలాంటి బిడ్డకు కావలసినది ఆక్యుపేషనల్ థెరపీ. పేరు వినగానే చాలామంది ఉద్యోగం చూపించే ఆఫీసు అనుకుంటారు. అది కాదు. మనిషి రోజులో చేసుకోవలసిన పనులు, అంటే తినడం, బట్టలు వేసుకోవడం, కడుక్కోవడం, రాయడం, ఆడుకోవడం, తరగతిలో కుదురుగా కూర్చోవడం ఎక్కడ ఆగిపోతున్నాయో చూసి, ఆ పని చేయగలిగేలా నేర్పడం, లేదా పనిముట్టును, కూర్చునే చోటును మార్చడం ఈ వైద్యం. ఫిజియోథెరపిస్టు కాలికి, నడుముకు బలం తెస్తే, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆ బలంతో బిడ్డ తన గ్లాసు తాను ఎత్తుకొని తాగేలా చేస్తారు. పనిలో ఇద్దరికీ కొంత కలుపు ఉంది, చూపు వేరు.

ఇది మన ప్రాంతానికి మరీ పరాయి సంగతి కూడా కాదు. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, రెవరెండ్ జార్జ్ కెర్ దంపతులు నెలకొల్పి 1915లో తెరిచిన విక్టోరియా ఆసుపత్రి పేరు వినని ఇల్లు మన సంఘాలలో ఉండదు. కుష్ఠు వైద్యం చేసే చోట్ల వేళ్లు వంగిన వారికి చెంచా పిడిని లావు చేసి ఇవ్వడం, వేడి గిన్నె పట్టుకోవడానికి చెక్క పిడి అమర్చడం పాత అలవాటు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివరలో అటువంటి చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టారు. చేయి తెరుచుకుంటే చాలదు, ఆ చేత్తో పని చేయడం నేర్పాలని అక్కడివారు త్వరలోనే గ్రహించారు. 1950లో కమలా నింబ్కర్ గారు బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు మన దేశంలో మొదటి పాఠశాల స్థాపించారు. ఇంత కాలమైనా మన మండలాలలో ఒక పిల్లవాడికి ఈ సేవ అందడం గగనంగానే ఉంది.

చేతిపనులలో ఇలా వెనుకబడే స్థితికి డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అని పేరు. బడి ఈడు పిల్లలలో నూటికి ఐదారుగురికి ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. నలభైమంది ఉన్న తరగతిలో ఇద్దరు అన్నమాట. వీరు కాక సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు, అక్షరాలు పట్టుబడని డిస్లెక్సియా పిల్లలు వేరే ఉన్నారు. అందరికీ ఒకే చికిత్స ఉండదు. రాయలేకపోవడమనే ఒక్క లక్షణం మాత్రం చాలామందిలో కనబడుతుంది.

ఇక్కడ ఒక మాట. ఎడమచేతి వాటం జబ్బు కాదు. అన్నం కుడిచేత్తోనే తినాలి, బలపం కుడిచేత్తోనే పట్టాలి అని చేయి మార్పించి, ఆ తరువాత రాయడం లేదని తీసుకొచ్చినవారూ ఉన్నారు. ఆ బిడ్డకు థెరపీ అక్కరలేదు, పెద్దవాళ్లు చేయి వదిలిపెడితే చాలు.

మరి ఈ బిడ్డలను ముందు పట్టుకోగలవారు ఎవరు? మేము కాదు. మా ముందు పిల్లవాడు ఉండేది పది నిమిషాలు. రోజుకు ఆరేడు గంటలు చూసేది బడి. కాపీ చేస్తూ బోర్డు మీద వరుస ఎక్కడ తప్పిపోతున్నాడో, పెన్సిలు ఎంత గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతున్నదో, మధ్యాహ్న భోజనంలో పప్పన్నం కలుపుకోలేక ఎవరు పక్కవాడి వైపు చూస్తున్నారో, గంట మోగితే ఎవరు చెవులు మూసుకుంటున్నారో టీచరుకు తెలుసు. సండే స్కూల్ టీచర్లకు ఇంకా బాగా తెలుసు. ఎందుకంటే బడి టీచరు ఏడాదికొకరు మారతారు, వీరు అదే బిడ్డను ఐదారేళ్లు చూస్తారు. వి.బి.ఎస్.లో యాక్షన్ సాంగ్ పాడేటప్పుడు అందరి చేతులు పైకి లేచాక ఒక బిడ్డ చేతులు లేస్తాయి. అందరూ నవ్వుతారు. ఆ నవ్వే చోట ఒక పెద్దమనిషి నవ్వకుండా రాసిపెట్టుకోవాలి.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొని వచ్చిన సంగతి మనందరికీ తెలిసినదే. వారిలో వైద్యుడు ఎవరూ లేరు. జబ్బు పేరు చెప్పమని వారిని ఎవరూ అడగలేదు. మోసుకు రావడం, దారి లేకపోతే ఇంటి కప్పు విప్పడం వారు చేసిన పని. రిఫరల్ అంటే మా దృష్టిలో అదే. టీచరు జబ్బుకు పేరు పెట్టనవసరం లేదు. చూసింది రాసి పంపితే చాలు.

మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. "ముందు సర్టిఫికెట్ తెచ్చుకోండి, తరువాత చూద్దాం" అన్న మాట బళ్లలోనూ వినబడుతుంది, కొన్నిసార్లు ఆసుపత్రులలోనూ వినబడుతుంది. సదరం సర్టిఫికెట్టు గాని, యూడీఐడీ కార్డు గాని కావలసినవారికి తప్పక కావాలి. పింఛనుకు, రాయితీలకు, పదో తరగతి పరీక్షలో లేఖకుడికి, అదనపు సమయానికి అది ఆధారం. ఒక బీద తల్లి శాతం ఎంత వేస్తారని అడిగితే ఆమెను తప్పుపట్టే పని మాకు లేదు. కాని చాలా రాయితీలకు గీత 40 శాతం దగ్గర ఉంది. గుండీ పెట్టుకోలేని, ఐదు వరుసలు రాయడానికి పీరియడ్ అంతా పట్టే మన నవీపేట్ పిల్లవాడు ఆ గీత దాటడు. దాటడు గనుక సాయం అక్కరలేదని అర్థమా? సర్టిఫికెట్ కోసం ఒక ఏడాది, శిబిరం కోసం ఒక ఏడాది ఎదురుచూస్తే, సాయం పనిచేసే వయసే దాటిపోతుంది. కనుక మా అభిప్రాయం ఇది: చీటీ ముందు రాయాలి, సర్టిఫికెట్ సంగతి దాని వెనుక నడవాలి.

చట్టం కూడా బిడ్డ పక్షానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో సెరిబ్రల్ పాల్సీ, ఆటిజంతో పాటు చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల బిడ్డకు దగ్గరలోని బడిలో ఉచితంగా చదివే హక్కును ఇచ్చింది. ఆ శాతం దాటని పిల్లవాడికి కూడా 14 ఏళ్ల వరకు విద్యాహక్కు చట్టం ఉంది. కాబట్టి "మా బడిలో వద్దు, స్పెషల్ స్కూలుకు పంపండి" అన్న మాటకు తలవంచి బిడ్డను తీసుకుపోనక్కరలేదు. స్పెషల్ స్కూలు కావలసిన పిల్లలు ఉన్నారు, అది తల్లిదండ్రులు ఆలోచించి కోరుకోవలసినది.

చీటీ ఎవరికి ఇవ్వాలి? సమగ్ర శిక్షా కింద మండలాలలో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ ఐ.ఇ.ఆర్.పి.లు అని పిలిచే ప్రత్యేక టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపిస్టు నిర్ణీత దినాలలో వస్తారు. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు ఈ టీచర్లే వెళతారు. ప్రధానోపాధ్యాయుల ద్వారా వీరికి చీటీ అందాలి. రెండోది, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. దాని వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలను చూడాలి. ఆ రోజు బిడ్డను బడి మాన్పించవద్దు. వారు గుర్తించిన పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలన్నది కార్యక్రమ నియమం. ఎదుగుదలలో పెద్ద తేడా ఉన్నదనిపిస్తే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దానిని ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటారు. నిజామాబాద్ నుంచి రైలు ప్రయాణమే. ఒకసారి వెళ్లి పూర్తి పరీక్ష చేయించుకొని, ఇంటి దగ్గర ఏమి చేయించాలో నేర్చుకొని రావచ్చు.

ఇంత చెప్పాక ఒక టీచరమ్మ మమ్మల్ని సూటిగా అడిగారు. "మీ దగ్గరే ఆక్యుపేషనల్ థెరపిస్టు లేరు కదండీ, నేను చీటీ రాసి ఏం లాభం?" నిజమే. మన ఆసుపత్రిలో లేరు. పట్నంలో ప్రైవేటుగా ఉన్నచోట ఒక్కో సిట్టింగ్‌కు ఇంత అని తీసుకుంటారు, అది వారానికి రెండుసార్లు బీడీల కూలితో అయ్యే పని కాదు. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలకైతే బడిలోనే ఈ థెరపిస్టు ఉంటారు. అక్కడ 1975లో చట్టం వచ్చింది. తల్లిదండ్రులు ఒప్పుకొని సంతకం పెట్టిన నాటి నుంచి 60 రోజులలో పరీక్ష పూర్తి చేయాలన్న గడువు కూడా ఉంది. అక్కడ కూడా అది ఊరికే రాలేదు, తల్లిదండ్రులు కోర్టుల దాకా పోతే వచ్చింది.

ఆ టీచరమ్మకు మేము చెప్పిన జవాబు రెండు భాగాలు. కాగితం మీద లేని బిడ్డ లెక్కలో లేడు. ఒక మండలంలో ఎంతమంది పిల్లలకు ఈ సేవ కావాలో రాతపూర్వకంగా లేకపోతే, థెరపిస్టును వేయమని అడిగేవారి చేతిలో ఏమీ ఉండదు. రెండో భాగం మాకు ఇంకా ముఖ్యం. థెరపిస్టు వచ్చేలోగా కూడా తరగతి గదిలో మార్చగలిగినవి చాలా ఉన్నాయి. చీటీ వస్తేనే ఏవి మార్చాలో మేము చెప్పగలం.

చీటీ ఎలా ఉండాలి? "ఇతడు చదువులో వెనుకబడి ఉన్నాడు, తగు చర్య తీసుకోగలరు" అని వస్తే మాకు ఏమీ తెలియదు. మన పిల్లవాడి విషయంలో తరువాత వచ్చిన చీటీలో ఆ బడి టీచరు ఇలా రాశారు: "నాలుగో తరగతి. కుడిచేతి వాటం. నోటితో అడిగితే లెక్కలు చెబుతాడు. ఐదు వరుసలు రాయడానికి పీరియడ్ పడుతుంది, చివరి రెండు వరుసలు చదవడానికి రావు. చేయి నొస్తున్నదని దులుపుకుంటాడు. గుండీలు, చెప్పుల పట్టీ రావు. ఆటలో బంతి పట్టలేడు గనుక ఎవరూ పిలవరు. చూపు పరీక్ష చేయించాము, బాగుంది." ఇంతే. కొద్ది మాటలలో మా పది నిమిషాలు వృథా కాకుండా చేశారు. చూపు, వినికిడి పరీక్ష ముందే చేయించడం చాలా మంచి పని. కళ్లద్దాలతో తీరే కష్టానికి థెరపీ అడగకూడదు కదా.

చీటీ బడి నుంచి వస్తే జవాబు కూడా బడికి పోవాలి. ఇది మా వైపు లోపం. మేము ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గీకి తల్లి చేతిలో పెడితే అది ఇంటి గూట్లో ఉండిపోతుంది. ఇకమీదట తెలుగులో, టీచరుకు పనికివచ్చేలా రాస్తాము. ఆ పిల్లవాడికి రాసినది ఇది. బెంచీ మీద కాళ్లు వేలాడుతున్నాయి, పాదాల కింద రెండు ఇటుకలు పెట్టండి. పెన్సిలు సన్నగా ఉంది, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేయండి. కొత్త అక్షరాలకు పలక మీద చిన్న బలపం ముక్క ఇవ్వండి, ముక్క చిన్నదైతే వేళ్లు వాటంతట అవే సరిగ్గా కూడుకుంటాయి. బోర్డు చూసి దించే బదులు పుస్తకం పక్కన పెట్టి రాయనివ్వండి. ఇంటిపని సగమే ఇవ్వండి, తెలిసిన జవాబును నోటితో అప్పజెప్పించుకోండి. ఇంట్లో రోజూ పదిహేను నిమిషాలు, ఏ పని రావడం లేదో ఆ పనే: చొక్కా తొడిగి కాకుండా ముందు ఒళ్లో పరుచుకొని పెద్ద గుండీలు, తరువాత చిన్నవి. బాసరకు అక్షరాభ్యాసానికి పోయే కుటుంబాలు మన నవీపేట్ మీదుగానే వెళతాయి. అక్కడ పిల్లల చేత బియ్యంలో వేలితో రాయించినట్టే పళ్లెంలో ఇసుక పోసి అక్షరం రాయించడం చేతికి మంచి అభ్యాసం. కాని అక్కడితో ఆగకూడదు. పెన్సిలు రాత రావాలంటే పెన్సిలుతో రాయాలి. ఉయ్యాలలు, బ్రష్ రుద్దడాలు, రంగు లైట్ల గదులు చూపించి ఆరు నెలలకు డబ్బు ముందే కట్టమనే చోట్ల జాగ్రత్తగా ఉండండి. ఏ పని నేర్పబోతున్నారో, ఎన్నాళ్లలో చూస్తామో చెప్పనివారికి డబ్బు ఇవ్వవద్దు.

కొందరు తండ్రులు అంటారు, చదువు రాకపోతే పనికి పెడతాం అని. ఒకప్పుడు బోధన్ షుగర్ ఫ్యాక్టరీ ఉండేది, చదువు లేనివాడికీ ఏదో ఒక చోటు దొరికేది. అది 2015 డిసెంబరులో మూతపడింది. ఇప్పుడు దొరికే పనులు చూడండి. శనివారం సంతలో మేకకు పగ్గం ముడి వేయాలన్నా, మెకానిక్ షాపులో నట్టు బిగించాలన్నా, దుబాయి పోయి కరెంటు వైరు కలపాలన్నా కావలసినవి చేతులే. రాయడంలో తడబడిన వేళ్లు అక్కడ మాత్రం ఎలా కుదురుతాయి?

ఈ చీటీల దారిలో ఆగకుండా నేరుగా డాక్టరు దగ్గరకు తీసుకురావలసిన పిల్లలు కూడా ఉన్నారు. ఇంతకు ముందు చేసిన పనిని ఇప్పుడు చేయలేకపోవడం, శరీరంలో ఒక పక్క మాత్రమే పట్టు తప్పడం, మూర్ఛలు, ఏడాది నిండకముందే ఒక చేయినే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచడం. మగపిల్లవాడు తరచుగా పడిపోతూ, లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆన్చి లేస్తుంటే, పిక్కలు లావుగా ఉంటే ఆలస్యం వద్దు. మరొకటి, మన జిల్లాలో మరచిపోకూడనిది: స్పర్శ లేని మచ్చ, చిటికెన వేలు, ఉంగరపు వేలు వంగడం, పెన్సిలు జారిపోవడం. కుష్ఠు పిల్లలకూ వస్తుంది. మందులు ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. నరం పూర్తిగా దెబ్బతినక ముందు రావాలి, అంతే. దాచిపెడితేనే వేళ్లు పోతాయి.

మన పిల్లవాడు ఇప్పుడు ఐదో తరగతి. రాత అందంగా లేదు, ఉండకపోవచ్చు కూడా. చదవడానికి వస్తుంది. పైగుండీ ఇంకా తల్లే పెడుతుంది, మిగిలినవి వాడే పెట్టుకుంటాడు. బడికి పోతున్నాడు.

మీ బిడ్డను ఇందుకోసం తీసుకొచ్చేటప్పుడు టీచరు చీటీతో పాటు పోయినేటి నోటుబుక్కు ఒకటి, ఈ ఏటిది ఒకటి, పలక ఉంటే పలక, రోజూ వేసుకునే బడి చొక్కా తేవాలని కోరుతున్నాము. పెన్సిలు కూడా వాడు కొరికిన పాతదే తెండి. కొత్తది కొనవద్దు.